సిగ్గరి మొక్క, మేనేజరు బాతు

ఇస్త్రీ దుకాణం వెనక గది నుంచి,
ఎండలు ఇంకా లేతగా ఉన్న రోజులు.

వదినకి,

నీ అర్ధమొగుడు రాస్తున్నది. ఆడపడుచు అర్ధమొగుడని పెద్దలు ఊరికే అన్నారా? పూర్తి మొగుడు నిన్ను ఏడిపించినప్పుడల్లా మిగతా సగం వచ్చి సర్దాలనే.

నీ ఉత్తరం బొగ్గుల పెట్టె మీద కూర్చుని రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే ఎవరిదో చొక్కా కాలర్ మాడింది. ఆ పాపం మా అన్నయ్యదే. బేకరీ మూసేశాక నువ్వు మంచం ఎక్కి గోడకేసి చూస్తూ పడుకోకుండా పదకొండు బాతుల్ని తెచ్చుకున్నావు. వాటికి మేనేజరు, క్యాషియరు అంటూ మీ బేకరీ వాళ్ళ పేర్లన్నీ పెట్టుకున్నావు. ఇన్నాళ్ళకి నీ మొహాన నవ్వు కనబడితే, దాన్ని కూడా దాణా లెక్కలో వేసేశాడా ఆయన? "ఇంట్లో ఉన్న బస్తాయే ఆఖరిది. వానలు పడేదాకా అది వస్తే బాతులు ఉంటాయి. ముందే అడుగంటితే హోటలాయన బుట్టలు పట్టుకొచ్చి తీసుకుపోతాడు" అన్నాడా! గడియారాలు బాగుచేసే మనిషితో కాపురం అంటే ఇంతే వదినా. ముల్లు ఒకసారి ముందుకు కదిలిందంటే వెనక్కి తిరగదు.

అందుకే ఈ డబ్బా పంపుతున్నాను. బస్సు కండక్టరు మంచివాడు. అతని ప్యాంటుకి మడత నేనే పెడతాను కాబట్టి డబ్బా జాగ్రత్తగానే అందుతుంది. మూత తీయగానే అన్నయ్య కూర అనుకుని అన్నంలో కలుపుకోగలడు, చూసుకో. అది అజొల్లా. నీళ్ళ మీద తేలే మొక్క, నీ బొట్టుబిళ్ళ కంటే చిన్నది. మా వీధి పాలబండి మనిషి తన ఆవుల కోసం పెంచుతూ నా కోళ్ళకి ఒక గుప్పెడు పడేశాడు. ఇప్పుడు నా బట్టలు నానబెట్టే తొట్టెలో బట్టలకి చోటు లేదు.

వెడల్పాటి తొట్టె చూడు. అడుగున జల్లించిన మట్టి పలచగా పరిచి, జానెడు లోతు నీళ్ళు పోసి, కాస్త పేడ కలిపి, తేరుకున్నాక దీన్ని పైన చల్లెయ్. నీళ్ళు కనబడకుండా పరుచుకున్నాక రోజూ కొంచెం కొంచెం తీసి, కడిగి, దాణాలో సగానికి సగం కలిపి పెట్టు. బస్తా రెండింతలు సాగుతుంది.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోకు. ఇది వట్టి సిగ్గరి మొక్క. మగాళ్ళు తేరిపార చూస్తే ఎర్రబడిపోతుంది.

నీ
తుంటరి

*

పెరటి మెట్ల మీద నుంచి,
ఎండ కాస్త ముదిరాక.

తుంటరికి వదిన దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. మేనేజరు మాత్రం అలిగాడు. ఆ సంగతి తర్వాత.

డబ్బా అందింది. కండక్టరు దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట, పసిబిడ్డని తెచ్చినట్టు. తొట్టె కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. బేకరీ మూసేసిన రోజు అందరూ తలో సామానూ తీసుకెళ్తుంటే నేను పిండి పిసికే తొట్టె అడిగి తెచ్చుకున్నానని నీకు తెలుసుగా. ఇన్నాళ్ళూ మీ అన్నయ్య "ఈ పడవ ఎందుకు మనకి, వరదొస్తే ఎక్కడానికా?" అని దెప్పుతూనే ఉన్నారు. ఇప్పుడు దాంట్లో మట్టీ పేడా కలుపుతుంటే చేతులకి పాత పని గుర్తొచ్చింది. పిండి అనుకుని పిసకబోయాను కూడా.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొదట్లో అక్కడో చుక్క ఇక్కడో చుక్క. ఒక వారం చూశాక, ఆకుపచ్చ దుప్పటి కప్పినట్టు నిండిపోయింది! పొద్దున్నే తలుపు తీయగానే అదే కనిపిస్తుంది. పిండి పొంగినట్టే పొంగుతుంది పిల్లా. పొంగేది ఏదైనా సరే, చూస్తే నా ప్రాణం లేచొస్తుంది.

బాతులకి పెడితే క్యాషియరూ, పెద్దమేస్త్రీ గబగబా తినేశాయి. మేనేజరు మాత్రం ముక్కుతో ఒకసారి కెలికి, తల పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయాడు. అచ్చం మా పాత మేనేజరు బన్ను రుచి చూసి వెళ్ళిపోయినట్టే. వాడు తినకపోతే వాడి వెనకాలే ఇంకో నాలుగు మానేస్తున్నాయి. బస్తా ఎలా సాగుతుంది చెప్పు?

మీ అన్నయ్య దుకాణానికి వెళ్తూ తొట్టెలోకి తొంగి చూసి, "నాచు కోసం ఇంత హడావుడా?" అన్నారు. సిగ్గు సంగతి చెప్పాను. "మొక్కకి కళ్ళుంటాయా? మనిషి చూపుకి గడియారాలు ఆగుతాయా?" అని నవ్వి వెళ్ళిపోయారు.

నీ
వదిన

*

ఇస్త్రీ దుకాణం, పెట్టె ఇంకా వేడెక్కని వేళ.

వదినకి,

బాతుకి ఇష్టం లేదా? వాడేమన్నా పెళ్ళివారి బంతిలో కూర్చున్నాడా, ఇది వద్దు అది వడ్డించండి అనడానికి? పేడ వాసన పోయేదాకా రెండు మూడు నీళ్ళల్లో కడుగు. నువ్వు ఒక నీళ్ళతో సరిపెట్టి ఉంటావు. తర్వాత తడిగా ఉన్నప్పుడే దాణాలో కలిపి పిసుకు. పిండి పిసకబోయానన్నావు చూడు, ఆ చెయ్యి ఇక్కడ వాడు. ఏది ఆకో ఏది గింజో వాడికి తెలియకూడదు. మేనేజర్లకి లోపల ఏముందో ఎప్పుడూ తెలియదు వదినా, పైకి బాగుంటే చాలు.

తొట్టె నిండింది కదా అని చూస్తూ మురిసిపోకు. తీస్తూ ఉండాలి. తీయకపోతే ఒకదాని మీద ఒకటెక్కి కింది వరస కుళ్ళిపోతుంది. మా దుకాణంలో పండగ ముందు బట్టల మూటల్లాగే. పైవి ఇస్త్రీ అవుతుంటాయి, కిందవి బూజు పడుతుంటాయి.

అన్నయ్య నవ్వాడా? నవ్వనీ. చిన్నప్పుడు నేను "గోడ గడియారంలో పిట్ట గుడ్డు పెట్టింది" అంటే కుర్చీ ఎక్కి చూసింది ఎవరో అడుగు. పైకి నవ్వే మనిషి లోపల నమ్మకుండా ఉండలేడు. అది మా ఇంటి జబ్బు.

నీ అర్ధమొగుడు,
తుంటరి

*

పెరటి మెట్లు,
ఎండ నెత్తి మాడ్చేస్తున్న రోజు.

తుంటరికి,

మేనేజరు తింటున్నాడు. నీ చిట్కా పనిచేసింది. ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు.

నువ్వు చెప్పినట్టే అయింది. ఎర్రబడింది! ముందు అంచుల్లో కొంచెం, తర్వాత తొట్టె అంతా ఇటుక రంగు. నేను నిన్ను తిట్టుకున్నానే, "తుంటరి మాటలు ఎవరు నమ్ముతారు" అని. తప్పైంది.

దీనికంతటికీ మీ అన్నయ్యే కారణం. మొన్న టీ గ్లాసు పట్టుకుని తొట్టె పక్కన నిలబడి చూస్తుంటే సరేలే అనుకున్నాను. మర్నాడు చూద్దును కదా, దుకాణంలో పళ్ళచక్రాలు చూసుకునే ఆ భూతద్దం లేదూ, కంటికి బిగించుకునేది, అది పెట్టుకుని నీళ్ళ మీదకి వంగి చూస్తున్నారు! వేళ్ళు సన్నగా వేలాడుతున్నాయట, లోపల పనితనం బాగుందట. నువ్వే చెప్పు, భూతద్దం పెట్టుకుని చూస్తే ఎవరికి సిగ్గు వెయ్యదు?

గట్టిగానే కేకలేశాను. "మీ చూపు తగిలే అది ఇలా అయింది. నా బాతులు పోతే ఆ పాపం మీదే" అన్నాను. కోపంలో అనేశాను. ఆయన భూతద్దం జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్ళిపోయారు. అన్నం కూడా తక్కువే తిన్నారు.

తొట్టె చుట్టూ నాలుగు కర్రలు పాతి నా పాత చీర తెరలా కట్టేశాను. ఎర్రబడిన దాన్ని తీసి బాతులకి పెట్టడానికి భయంగా ఉంది. అందుకని మళ్ళీ పూర్తి దాణాయే పెడుతున్నాను. బస్తా సగం కంటే కిందికి దిగిపోయింది. ఆకాశంలో మబ్బు ముక్క కూడా లేదు. హోటలాయన నిన్న వీధిలో ఎదురుపడి "బాతులు కులాసాయేనా అమ్మా?" అని అడిగాడు. ఆ గొంతు విని నాకు ఒళ్ళు మండింది.

నీ
వదిన

*

ఇస్త్రీ దుకాణం,
పెట్టె చల్లారబెట్టి మరీ రాస్తున్నాను.

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. దుకాణానికి వచ్చిన డ్రిల్లు మాస్టారు నాకు మూర్ఛ వచ్చిందనుకుని నీళ్ళు తెచ్చాడు. నవ్వుతూనే పాలబండి మనిషి దగ్గరికెళ్ళి, "చూడవయ్యా, మా ఇంట్లో మొక్క సిగ్గుపడింది" అన్నాను. అతను నవ్వలేదు. "ఎర్రబడిందా? ఎన్నాళ్ళయింది? చచ్చిపోతుందమ్మా అది" అన్నాడు. అక్కడే నిలబెట్టి సంగతంతా అడిగి తెలుసుకున్నాను.

విను. సిగ్గూ లేదు గిగ్గూ లేదు. ఎండ. వట్టి ఎండ! నడినెత్తి ఎండ పడితే అది అలా ఎర్రగా మాడుతుంది. మా తొట్టె రేకుల పంచ కింద ఉంటుంది కాబట్టి నీడ సంగతి నాకు తట్టనే లేదు. నోటికొచ్చిన వేళాకోళం మాత్రం తట్టింది. నా నోరు ఇస్త్రీపెట్టె కింద పెట్టినా తప్పులేదు.

చీర చుట్టూ కడితే లాభం లేదు. గాలి ఆడక ఇంకా ఉడుకుతుంది. పక్కన తీసేసి పైన కట్టు, పందిరిలా. కొన్ని నీళ్ళు తోడేసి కొత్త నీళ్ళు పొయ్యి. బాగా మాడింది తీసి పారెయ్యి. పచ్చగా ఉన్నది ఒక దోసెడు మిగిలినా చాలు, మళ్ళీ అల్లుకుంటుంది. ఇది వేళాకోళం కాదు. నా మీద ఒట్టు. నా ఒట్టు నమ్మవని తెలుసు, నా ఇస్త్రీపెట్టె మీద ఒట్టు.

నీ బాతులు హోటలు గిన్నెలోకి పోతే నీ మొహం ఎలా చూడనే? అవసరమైతే దుకాణం మూసేసి నేనే బకెట్టు పట్టుకుని బస్సెక్కుతాను.

తుంటరి

*

పెరటి మెట్లు,
మబ్బులు వస్తూ పోతూ ఉన్న రోజులు.

తుంటరికి,

బకెట్టు పట్టుకుని రానక్కర్లేదు. ఊపిరి పీల్చుకో.

నీ ఉత్తరం అందేసరికే చీర పైకి కట్టేశాను. ఎందుకంటావా? పక్క మేడ మీద కొత్తగా వ్యాను డ్రైవరు దిగాడు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ సరిగ్గా మా తొట్టెలోకే చూస్తాడు. చుట్టూ తెర కట్టి లాభమేముంది, పైనుంచి ఒక మగాడు నురగ కక్కుతూ చూస్తుంటే? అందుకని తెర విప్పి పందిరి చేశాను. నాలుగు రోజులకి మధ్యలో పచ్చ తిరిగింది. నీ ఉత్తరం వచ్చాక నీళ్ళు కూడా మార్చాను. ఇప్పుడు మళ్ళీ దుప్పటి పరిచినట్టుంది. ఎండకి కట్టానో సిగ్గుకి కట్టానో చీరకి తెలియదు కదా!

నమ్మావా లేదా అని అడగకు. నువ్వు చెప్పేదాంట్లో ఏది నిజమో ఏది వేళాకోళమో ఇరవై ఎనిమిదేళ్ళుగా తేల్చుకోలేక, రెండూ చేసేయడం అలవాటైపోయింది.

మీ అన్నయ్యకి మాత్రం నిజం చెప్పలేదు. చెప్దామనే అనుకున్నాను. కానీ చూపు మాట అన్నప్పటి నుంచి ఆయన బాతుల గురించి ఒక్క దెప్పు మాట అనలేదు. తొట్టె పక్కనుంచి పోవాల్సి వస్తే మొహం గోడవైపు తిప్పుకుని పోతున్నారు. మొన్న బాల్చీ తన్నుకుని పడబోయారు కూడా. నాకు ఈ మర్యాద బాగుంది, ఇంకొన్నాళ్ళు సాగనీ.

ఒక వింత ఉంది. తొట్టె ఎర్రగా ఉన్నన్నాళ్ళూ పూర్తి దాణాయే పెట్టాను కదా, ఈపాటికి బస్తా అడుగు కనబడాలి. కనబడటం లేదు. రోజూ చెయ్యి పెడితే నిన్నటంతే తగులుతోంది. నా చెయ్యే పొడుగైందేమో అనుకుంటున్నాను. నువ్వేమన్నా పంపావా ఎవరిచేతనైనా?

వాన మాత్రం రావటం లేదు.

వదిన

*

ఇస్త్రీ దుకాణం వెనక గది.

వదినకి,

బతికించావు. డ్రైవరుకి నా తరఫున ఒక చొక్కా ఉచితంగా ఇస్త్రీ చేస్తానని చెప్పు. నురగ తుడుచుకున్నాక.

నేనేమీ పంపలేదు. పంపితే ఊరుకుంటానా, ఊరంతా చాటేదాన్ని. బస్తా అడుగు కనబడటం లేదంటే నాకూ అంతుపట్టలేదు. ఎలుకలు దాణా తినడం విన్నాను గానీ, తెచ్చి పోయడం నేనెక్కడా వినలేదు. ఏ డబ్బాతో కొలుస్తున్నావు? పాతది సొట్టపోయి చిన్నదైందేమో చూడు. లేకపోతే బాతులు మొహమాటపడి తక్కువ తింటున్నాయేమో. మొక్క సిగ్గు వాటికీ అంటిందంటే మాత్రం ఈసారి నేను బాధ్యురాలిని కాను.

అన్నయ్యకి నిజం చెప్పకుండా ఆపావు చూడు, అక్కడ మా ఇంటి కోడలివి అనిపించుకున్నావు. ఇన్నేళ్ళకి.

తుంటరి

*

పెరటి మెట్ల మీద కాదు, వంటింటి గడప మీద నుంచి.
మెట్ల మీద వాన.

తుంటరీ,

వచ్చిందే! వాన! ముందు పెద్ద చినుకులు, ఆ తర్వాత కుండపోత. బాతులు పెరట్లో రెక్కలు చాచి చేసిన గోల, మా బేకరీలో బోనస్ ఇచ్చిన రోజు కూడా ఎవరూ చెయ్యలేదు.

నేను పరిగెత్తుకెళ్ళి బస్తా చూశాను. అడుగున ఇంకా జానెడు దాణా ఉంది. గెలిచాననుకుని కూర్చునేసరికి వీధి గుమ్మంలో హోటలాయన. నెత్తి మీద గోనెపట్టా, రెండు చేతుల్లో బుట్టలు. "మొదటి వాన పడగానే వచ్చి బస్తా చూసుకోమన్నారు కదా అయ్యగారు" అన్నాడు. అదే వానలో తడుస్తూ మీ అన్నయ్యా దుకాణం నుంచి వచ్చారు.

వస్తూనే హోటలాయన ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డారు. "నేను మాటంటే మాటే. బస్తా అడుగంటితే ఇస్తానన్నాను. అడుగంటలేదు. చూపించవే బస్తా!" అన్నారు నాతో. ఆ గొంతు విని నేనే హడలిపోయాను. బస్తా ఈడ్చుకొచ్చి చూపించాను. హోటలాయన లోపలికి వంగి, "నిజమేనండి, ఉంది. ఇన్నాళ్ళెలా వచ్చిందో మరి" అన్నాడు. "నిజాయితీగా వచ్చింది" అన్నారు మీ అన్నయ్య. సరిగ్గా ఆ మాట దగ్గర మేనేజరు వచ్చాడు.

తిన్నగా ఆయన దగ్గరికే వచ్చాడు. మెడ చాచి, ప్యాంటు జేబులో ముక్కు దూర్చి, ఒక్క గుంజు గుంజాడు. జేబు పర్రున చిరిగింది. జలజలమని రాలింది పిల్లా, దాణా! తడిసి ముద్దైన దాణా! మిగతా పదీ వచ్చి ఆయన కాళ్ళ చుట్టూ చేరాయి. క్యాషియరు రెండో జేబు పట్టుకుంది. అందులోనూ దాణాయే. రోజూ ఆయన వచ్చేసరికి అవి వీధి మొగదాకా ఎందుకు ఎదురెళ్తున్నాయో నాకప్పుడు అర్థమైంది. యజమాని అని గౌరవం కాబోలు అనుకున్నాను ఇన్నాళ్ళూ.

హోటలాయన బుట్టలు కింద పెట్టేసి, "అయ్యగారూ, జేబులు కూడా బస్తా కిందే లెక్కా?" అన్నాడు. మీ అన్నయ్య మొహం చూడాలి నువ్వు. మన మొక్క కూడా ఎప్పుడూ అంత ఎర్రబడలేదు.

నేను అడిగాను, "ఏమిటండీ ఇది?" అని. నేల చూపులు చూస్తూ అన్నారు కదా: "మొక్క పాడైంది నా చూపు తగిలే కదా. తిండి చెడగొట్టింది నేనైతే, బాతులకి శిక్షేమిటి? అది మళ్ళీ పచ్చబడేదాకా రోజూ జేబుల్లో దాణా తెచ్చి బస్తాలో పోద్దామని మొదలుపెట్టాను. తర్వాత, అవి వీధి మొగదాకా ఎదురొస్తుంటే, ఒట్టి జేబులతో ఎలా రానే?"

నేనేం చేశానో తెలుసా? వంటింట్లోకి వచ్చి, తలుపు వెనక నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మనిషి నాకు తెలియకుండా చేసిన మొదటి దొంగతనం ఇది.

హోటలాయన ఒట్టి బుట్టలతో పోవడమెందుకని గుడ్లు పట్టుకెళ్ళాడు. బాతుల మాట ఇక ఎత్తనన్నాడు, గుడ్లు మాత్రం తనకే అమ్మాలన్నాడు. బాతులు నా దగ్గరే ఉంటాయి, అన్నీ. రేపు రెండో తొట్టె కోసం వెళ్తున్నాం, ఇద్దరం.

మీ అన్నయ్య ఏదో రాస్తారట. కలం లాక్కుంటున్నారు.

వదిన

చెల్లెలికి అన్నయ్య రాయునది. మీ వదిన రాసినది చదివాను. జేబు చిరిగిన సంగతి కొంచెం ఎక్కువ చేసి రాసింది. ఒక్కటే చిరిగింది, రెండోది కుట్టు మాత్రమే ఊడింది. నాకొక సందేహం. వానలు వచ్చాయి కాబట్టి పైన చీర తీసేశాం. మొక్క బాగా పచ్చగా ఉందని మీ వదిన చెబుతోంది, నేను చూడలేదు. నేను ఇప్పుడు దాని దగ్గరికి వెళ్ళవచ్చునా? ఎంత దూరంలో నిలబడాలి? భూతద్దం పెట్టుకోను.

*

ఇస్త్రీ దుకాణం,
ఎండ లేక బట్టలు ఆరని రోజు.

అన్నయ్యకి,

దగ్గరికే వెళ్ళు. దూరం లెక్కలేమీ లేవు. కాకపోతే మగాడివి, చెప్పాపెట్టకుండా అలా మీద పడిపోతే ఏ ఆడకూతురైనా ఉలిక్కిపడదా? నాలుగడుగుల ముందే ఆగి, ఒకసారి గట్టిగా గొంతు సవరించుకుని వెళ్ళు. రోజూ.

వెనకాల వదిన నవ్వుతున్నట్టు వినిపిస్తే పట్టించుకోకు. బాతుల్ని చూసి నవ్వుతోంది.

చెల్లెలు